మోటారు పక్కన కెపాసిటర్ ఎందుకు?

రైస్ మిల్లులో మోటారు దగ్గర బిగించిన కెపాసిటర్‌ను మీరు చూసే ఉంటారు. త్రీఫేజ్ మోటారును తిప్పేది అది కాదు. మరి దాని పనేమిటి?

ఇండక్షన్ మోటారు తిరగాలంటే దానిలో అయస్కాంత క్షేత్రం ఏర్పడాలి. అందుకు తీసుకున్న శక్తిని మోటారు ఖర్చు చేయదు. 50 హెర్ట్‌జ్ సరఫరాలో ప్రతి ఫేజు నుండి సెకనుకు 100 సార్లు తీసుకుని, మళ్ళీ లైనుకే పంపుతుంది. ఈ రాకపోకల కరెంటు ఏ పనీ చేయదు, కానీ దారిలోని తీగలను మాత్రం వేడెక్కిస్తుంది. లైను మోసే మొత్తం వోల్ట్-ఆంపియర్లలో నిజంగా పనికి వచ్చే వాట్ల నిష్పత్తినే పవర్ ఫ్యాక్టర్ అంటారు.

ఒక లెక్క చూద్దాం. 415 వోల్టుల వద్ద 10 కిలోవాట్లు తీసుకునే మోటారు పవర్ ఫ్యాక్టర్ 0.7 అయితే, లైనులో కరెంటు సుమారు 20 ఆంపియర్లు. పవర్ ఫ్యాక్టర్‌ను 0.95కు పెంచితే 14.6 ఆంపియర్లు చాలు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కనుక ఆ నష్టం దాదాపు సగానికి తగ్గుతుంది! ట్రాన్స్‌ఫార్మర్‌పై భారమూ తగ్గుతుంది.

ఇది కెపాసిటర్ వల్ల సాధ్యమవుతుంది. మోటారు వదిలిన శక్తిని అది దాచుకుని, మోటారుకు కావలసినప్పుడు తిరిగి ఇస్తుంది. పై ఉదాహరణకు సుమారు 7 కె.వి.ఎ.ఆర్. కెపాసిటర్ సరిపోతుంది. అయితే మోటారులోని కరెంటు మారదు. తగ్గేది కెపాసిటర్‌కు వెనుకనున్న లైనులోనే. అందుకే దానిని మోటారుకు వీలైనంత దగ్గరగా పెడతారు.

ఒక్క హెచ్చరిక: స్విచ్ తీసేసిన తరువాత కూడా కెపాసిటర్‌లో కొంతసేపు విద్యుదావేశం నిలిచి ఉంటుంది. దానిని ముట్టుకోకండి!