వ్యానును బాగుచేయింతుమా? క్రొత్తది కొందుమా?

2025 ఆగస్టు నెలలో ఒక సోమవారము ఉదయము హోసూరునకు వచ్చు బాగలూరు దారిలో మన పాఠశాల వ్యాను నిలిచిపోయిన సంగతి తలిదండ్రులైన మీకందఱకును తెలిసినదే. ఇంజను ఆడుచునే యుండెను. గేరుమీట మాత్రము బిగుసుకొనిపోయి, ఏ గేరును పడలేదు. లోపల 23 మంది పిల్లలుండిరి. డ్రైవరు వారిని జాగ్రత్తగా దింపి, దారి ప్రక్కనున్న చింతచెట్టు క్రింద కూర్చుండబెట్టి మాకు కబురు చేసెను. పిల్లలకేమియు అపాయము కలుగలేదు. కాని ఆ నాటినుండి 19 దినములు వ్యాను లేదు. ఆ దినములలో మేము చేసిన ఆలోచన యెట్టిదో, ఏ లెక్కమీద ఒక నిర్ణయమునకు వచ్చితిమో మీకు తెలుపవలసిన బాధ్యత మాపైనున్నది. మీలో పలువురు సరకు ఆటోలు, టెంపోలు, కార్లు కలవారు. మాకు తెలిసిన ఈ నాలుగు మాటలు మీకును ఉపయోగపడవచ్చును.

గేరుపెట్టె చేయు పని

ఇంజను వేగముగా తిరుగునప్పుడే దానికి తగిన బలముండును. నిలిచియున్న బండిని కదలించుటకును, మిట్ట యెక్కించుటకును వేగము కంటె బలమెక్కువ కావలెను. ఈ మార్పిడి చేయునదే గేరుపెట్టె. 15 పండ్ల చిన్న చక్రము 45 పండ్ల పెద్ద చక్రమును త్రిప్పినచో, పెద్దది మూడవవంతు వేగముతో తిరుగును; రాపిడిలో పోవు కొంచెము తప్ప దాని త్రిప్పుబలము మూడింతలగును. ఎనిమిదవ తరగతి పిల్లవాడు చేయగల లెక్క యిది.

తిరుగుచున్న ఈ చక్రములను ఒకదానినుండి యింకొకదానికి మార్చునప్పుడు వాని వేగములు సరిపడవలెను. అందులకై లోపల ఇత్తడివంటి లోహముతో చేసిన కంకణములుండును. వీనిని సింక్రో రింగులందురు. ఇవి మొదటిసారిగా 1928లో అమెరికాలోని క్యాడిలాక్ కార్లలో వచ్చినవి. వానికి మునుపు గేరు మార్చుట చేయి తిరిగిన వారికే చేతనగు విద్య. ఈ రింగులు, ఇరుసులను మోయు బేరింగులు, పండ్ల చక్రములు అన్నియు ఒక ప్రత్యేకమైన నూనెలో తిరుగుచుండును. నూనె తగ్గినచో మిగిలినవన్నియు ఒకటొకటిగా చెడును.

పోయినది గేరుపెట్టెయేనా?

ఇంజనునకును గేరుపెట్టెకును నడుమ క్లచ్చి కలదు. క్లచ్చి చెడినను బండి కదలదు. గేరుపెట్టె చెడినను కదలదు. క్లచ్చి ఖర్చు తక్కువ, గేరుపెట్టె ఖర్చెక్కువ. కావున మొదట తెలిసికొనవలసినది ఈ భేదమే.

ఇంజను ఆపినప్పుడు గేర్లు సులభముగా పడుచు, ఇంజను ఆడునప్పుడు ఏ గేరును పడకున్నచో క్లచ్చి పూర్తిగా విడుట లేదని అనుమానింపవలెను. మిట్టయెక్కునప్పుడు ఇంజను వేగము పెరిగి, బండి వేగము పెరుగకున్నచో క్లచ్చి జారుచున్నదనవచ్చును. అట్లుకాక ఒక్క గేరు మాత్రమే గరగరలాడుచు పడుచున్నను, పడిన గేరు తనంతట తానే ఊడి వచ్చుచున్నను, లోపము సాధారణముగా పెట్టెలోనే యుండును. బండి నిలిచి, గేరు పడకుండ, ఇంజను ఆడునప్పుడు ఒక ఊళ వినబడి, క్లచ్చి త్రొక్కగానే అది ఆగినచో పెట్టెలోని బేరింగులను చూడవలెను. త్రొక్కినప్పుడే ధ్వని వచ్చినచో క్లచ్చి బేరింగును చూడవలెను.

మఱియొక సాక్షి నూనె. పెట్టె అడుగుననున్న మర విప్పి నూనెను తెల్లని పళ్ళెములోనికి దింపి చూడవలెను. బూడిదవన్నె గల మెత్తని పిండివంటిది కొంచెముండుట సహజము. పసుపువన్నె మెరుపులున్నచో రింగులు అరిగినవి. చేతికి తగులు ఉక్కు పెంకులున్నచో పండ్లో బేరింగులో విరిగినవి.

మొదట మేము చూపించిన చోట పెట్టెను విప్పకయే మొత్తము మార్చవలెననియు, 1,10,000 రూపాయలగుననియు చెప్పిరి. రెండవచోట ఒక వృద్ధ మేస్త్రి, "అయ్యవారూ, పెట్టె విప్పకుండానే పెట్టె పోయిందనేవాళ్ళ మాట నమ్మొద్దండి. విప్పి చూపిస్తాను, మీరే చూడండి" అనెను. మా యెదుటనే విప్పెను. రెండు బేరింగులు పొడియై, వాని ముక్కలు మీట కదలకుండ అడ్డుపడియుండెను. మూడవ గేరు రింగు అరిగియుండెను. పండ్ల చక్రములు బాగుగనే యున్నవి. పెట్టె ఎట్లును దింపితిమి గనుక క్లచ్చి పలకలను కూడ మార్చుట మేలనెను. దింపి ఎక్కించు కూలి రెండుమారులు ఏల ఇయ్యవలెను? అన్నియు కలిపి 46,000 రూపాయలని అంచనా యిచ్చెను.

బాగుచేతయందును మూడు మార్గములున్నవి. చెడిన భాగములను మాత్రమే మార్చుట ఒకటి. విప్పివేసిన వేఱొక బండినుండి పాత పెట్టెను తెచ్చి బిగించుట రెండవది. ఇది చౌక, కాని ఆ పెట్టె ఎన్ని మైళ్ళు తిరిగినదో చెప్పగలవారుండరు. క్రొత్త పెట్టెను కొనుట మూడవది. ఇది వయసు తక్కువైన బండికే తగును. తమంతట తామే గేర్లు మారు నేటి కార్ల పెట్టెలను మాత్రము ఆ పని ప్రత్యేకముగా నేర్చినవారే చూడవలెను; ఖర్చును సాధారణముగా ఎక్కువ.

లెక్క వేయు విధము

మన సంఘ సమావేశమున మూడు అభిప్రాయములు వచ్చెను. "ఈ బండికి ఇంతకు మునుపే టైర్లకు, బ్యాటరీకి ఎంతో పెట్టితిమి, ఇప్పుడు వదలరాదు" అని కొందఱనిరి. "పాత బండికి పైసా పెట్టరాదు" అని మఱికొందఱనిరి. "పెద్దలు చందాలిచ్చి కొన్న బండి, దానిపై మన తెలుగు అక్షరములున్నవి" అని ఇంకొందఱనిరి. మూడును గౌరవింపదగినవే. కాని వీనిలో ఏదియు లెక్క కాదు. పెట్టిన డబ్బు పెట్టబడినది. బాగుచేసినను, విడిచినను అది తిరిగి రాదు. ఇకమీద పెట్టవలసినది ఎంత, దానివలన వచ్చునది ఎన్ని సంవత్సరముల సేవ అనునవే చూడవలెను.

మన వ్యాను 2013లో కొన్నది. 2028 నాటికి దానికి 15 సంవత్సరములు నిండును. రవాణా వాహనములకు ఎనిమిదేండ్ల వఱకు రెండేండ్లకొకమారును, ఆపైన ఏటేటను యోగ్యతా పత్రము పొందవలెను. 2021లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన పాత వాహనముల విధానము పిమ్మట, వయసు మళ్ళిన బండ్లకు ఈ తనిఖీ రుసుము బాగుగా పెరిగినది. సొంత కారులకైనచో 15 ఏండ్లకు రిజిస్ట్రేషను ముగియును. తనిఖీలో నెగ్గినచో అయిదేండ్లకొకమారు పొడిగింతురు. కావున మన వ్యానునకు మూడేండ్లకు మించి ఆశపడరాదని నిశ్చయించితిమి.

గేరుపెట్టెకు 46,000, వ్యాను నేల క్రిందనున్న త్రుప్పుపట్టిన అడ్డపట్టీల మార్పునకు 35,000, మొత్తము 81,000 రూపాయలు. కాని ఇది పూర్తి లెక్క కాదు. చెడిన బండిని ఉన్నదున్నట్లు అమ్మినచో 1,10,000 వచ్చునని తెలిసినది. బాగుచేయించుకొన్నచో ఆ సొమ్మును వదలుకొన్నట్లే గనుక దానిని కూడ ఖర్చులో చేర్చవలెను. మూడేండ్ల తరువాత అమ్మినచో 70,000 వచ్చునని అనుకొంటిమి. కావున నిజమైన ఖర్చు 1,21,000. ఏటికి సుమారు 40,000. పాత బండి గనుక ఏటి పోషణకు 45,000 చేర్చితిమి. మొత్తము ఏటికి 85,000.

ఆరేండ్ల వయసుగల వ్యాను 7,50,000 రూపాయలకు దొరకుచుండెను. అది తొమ్మిదేండ్లు నడచి, చివరకు 75,000 తెచ్చినచో ఏటికి 75,000, పోషణకు 35,000, మొత్తము 1,10,000. క్రొత్తది 21,00,000. పదునైదేండ్ల పిమ్మట లక్ష వచ్చుననుకొన్నను ఏటికి 1,33,000. పోషణ చేర్చినచో 1,58,000. అప్పునకు వడ్డీ వేఱు. మన చేతనున్నది 3,40,000 మాత్రమే.

దీనిని చూడగానే బాగుచేతయే మేలని తోచును. కాని ఇక్కడనే జాగ్రత్త వహింపవలెను. బాగుచేయించిన బండి మూడేండ్లు కాక ఒక్క యేడే నడచినదనుకొందము. అప్పుడు 90,000కు అమ్ముడుపోయినను, ఆ ఒక్క యేటికి 1,46,000 ఖర్చగును. చౌకయైన మార్గమే ఖరీదైన మార్గమగును. కావున గేరుపెట్టె బాగగునా అనునది అసలు ప్రశ్న కాదు. గేరుపెట్టె చుట్టునున్న బండి మూడేండ్లు నిలుచునా అనునదే అసలు ప్రశ్న.

అందుకై బాగుచేతకు అనుమతి యియ్యక మునుపు, మేస్త్రిచేత మిగిలిన బండిని పరీక్ష చేయించితిమి. ఇంజను నాలుగు సిలిండర్లలోను ఒత్తిడి దాదాపు సమానముగా నుండెను; పొగ లేదు. బ్రేకులు సరిగానుండెను. నిలువు దూలములను సుత్తితో తట్టి చూచిరి. గట్టి ధ్వని వచ్చెను. త్రుప్పు అడ్డపట్టీలలోనే యుండెను. నిలువు దూలములే తినివేయబడియున్నచో, గేరుపెట్టె ఉచితముగా వచ్చినను ఆ బండిలో పిల్లల నెక్కించువారము కాము. దేశము దాని కొఱకు లెక్క వేయవచ్చును గాని, పిల్లల ప్రాణమునకు లెక్క లేదు.

ఈ కారణములచేత బాగుచేయింప నిశ్చయించి, ఒక నియమమును మినిట్సు పుస్తకములో వ్రాసికొంటిమి: ఇకమీద ఇంజనుకు గాని, నిలువు దూలములకు గాని పెద్ద పని వచ్చినచో, "ఇంత పెట్టితిమి గదా" యని తలపక బండిని విడిచిపెట్టవలెను. అట్లు విడిచినప్పుడు ప్రభుత్వము గుర్తించిన తుక్కు కేంద్రమున కప్పగించి పత్రము తీసికొన్నచో, దానిని చూపి కొను క్రొత్త బండికి రిజిస్ట్రేషను రుసుము మినహాయింపును, రాష్ట్రము ఒప్పిన మేరకు పన్నులో తగ్గింపును లభించును.

మా పొరపాటు

ఒక మాట దాచరాదు. జనవరిలోనే డ్రైవరు, వ్యాను నిలుపు చోట నూనెచుక్కలు పడుచున్నవనియు, మూడవ గేరులో ఊళ వినబడుచున్నదనియు మాకు చెప్పెను. వేసవి సెలవులలో చూతమంటిమి. వేసవిలో వంటశాల పైకప్పు పని వచ్చెను. సొమ్ము దానికి పోయెను. నూనె కారు చోట ఒక చిన్న సీలు మార్చి, నూనె నింపియున్నచో బేరింగులు పొడియై యుండెడివి కావని మేస్త్రి చెప్పెను. కొన్ని వందల రూపాయల పని 46,000 రూపాయల పని యైనది. ఇది డ్రైవరు తప్పు కాదు, మాది.

నష్టము సొమ్ముతోనే పోలేదు. వ్యాను లేని 19 దినములలో బాగలూరు దారి పల్లెలనుండి పిల్లలు సగమైనను రాలేదు. ఇద్దఱి తలిదండ్రులు విసిగి, నడచిపోదగిన దూరములోనున్న వేఱొక భాష బడిలో చేర్చిరి. ఒకరు తిరిగి వచ్చిరి. రెండవ బాలిక రాలేదు. మూడవ తరగతి పిల్ల, అప్పుడప్పుడే తెలుగు వాచకమును తడుముకొనకుండ చదువుచుండెను. ఆ తలిదండ్రులను మేము తప్పుపట్టలేము. రాజ్యాంగములో 1956లో చేరిన 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కలుగజేయ యత్నింపవలెనని చెప్పుచున్నది. కాని పిల్లను ఇంటినుండి బడికి చేర్చునది అధికరణము కాదు, వ్యాను. మనవంటి చెదరియున్న జనమునకు గేరుపెట్టె కూడ భాషా విషయమే.

మీకొక మనవి

2028 నాటికి మఱియొక వ్యాను కావలెను. 81,000 పోగా చేతనున్నది 2,59,000. నేటి ధరకే చూచినను ఇంకను 4,91,000 కావలెను. మూడేండ్లలో ఏటికి సుమారు 1,64,000. అందులో సగమును సంఘము భరించును. మిగిలిన సగమును వ్యానులో వచ్చు 46 మంది పిల్లల కుటుంబములు పంచుకొన్నచో, ఏటికి పది నెలలు, నెలకు సుమారు 180 రూపాయలగును. ఇయ్యలేని వారిని ఎవరును అడుగరు. ఆ పిల్లలను వ్యాను దింపదు.

ఇకనుండి ప్రతి నెల మొదటి శనివారము వ్యాను నూనె, బ్రేకులు, టైర్లు చూచి డ్రైవరు ఒక పుస్తకములో వ్రాయును. ఆ పుస్తకము ఆఫీసు గదిలో బల్లపైనే యుండును. బండిపని తెలిసిన తండ్రులు ఎప్పుడైనను వచ్చి చూడవచ్చును. "అయ్యవారూ, ఊళ వినబడుచున్నది" అని ఎవరైన చెప్పినచో, ఈసారి వేసవి వఱకు ఆగము.