అన్నం పెట్టాక అడగవలసిన మాట

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లిని పారాయణ చేసేవారికి అన్నానికి సంబంధించిన వ్రతాలు సుపరిచితాలే. అన్నాన్ని నిందించరాదని, తోసిపుచ్చరాదని, వృద్ధి చేయాలని వరుసగా చెప్పిన శ్రుతి, దశమానువాకం ఆరంభంలో మరొక వ్రతాన్ని విధించింది. వసతి కోరి వచ్చినవారిని ఎవరినీ కాదనరాదన్నదే ఆ వ్రతం. అందుచేత అన్నాన్ని విస్తారంగా సమకూర్చుకోవాలని ఆ వెంటనే చెప్పింది. ఈ క్రమాన్ని గమనించండి. ముందు వసతి, దాని కోసమే అన్నం. చోటిచ్చిన గృహస్థు అన్నమూ పెట్టాలి కదా! ఈ వ్రతంలోని రెండవ సగాన్ని మనం గట్టిగానే పట్టుకున్నాం. పెద్ద ఆలయాలలో అన్నదానానికి విరాళాలిచ్చే భక్తులకు కొదవ లేదు. మరి మొదటి సగం మాటేమిటి?

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ఇల్లు లేనివారు సుమారు 17.7 లక్షల మంది. వారిలో సగానికి పైగా పట్టణాలలోనే ఉన్నారు. పెద్ద నగరాలలో లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఆశ్రయ కేంద్రాలు ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. వానలో, చలిలో అవి ప్రాణాలు నిలుపుతాయి, సందేహం లేదు. అయినా నైట్ షెల్టర్ ఆ రాత్రికి కప్పు మాత్రమే. ఒక హాలు, ఒక చాప, పక్కన ఎవరో తెలియని మనిషి. అక్కడికి చేరినవారిలో చాలామందికి ఒకనాడు ఇల్లుంది, ఊరుంది, అయినవారున్నారు. మధ్యలో ఏదో ఒక ముడి తెగింది. ఆ ముడి మళ్ళీ వేయగలిగితే కొందరికి షెల్టరు గడప తొక్కవలసిన అవసరమే రాదు.

మా ఆలయ మండపంలో ఒక కార్తీకమాసమంతా ఒక వృద్ధురాలు పడుకునేది. భక్తులు ఆమెకు మూడు దుప్పట్లు పంచారు. పవళింపు సేవ ముగిశాక ఒక రాత్రి ఆమెతో మాట్లాడితే అసలు సంగతి తెలిసింది. భర్త పోయాక ఒక గది అద్దెకు తీసుకుని, నాలుగిళ్ళలో వంట చేసుకుని బతికింది. జ్వరం వచ్చి రెండు నెలలు అద్దె కట్టలేకపోయింది. యజమాని గదికి తాళం వేశాడు. వంటపాత్రలు, రేషన్ కార్డు ఆ తాళం వెనుకే ఉండిపోయాయి. ఆ యజమాని కఠినాత్ముడేమీ కాడు. అతని సంసారం అతనిది. నలుగురు భక్తులు కూడి బాకీ తీర్చి, మరొక నెల అద్దె ముందుగా ఇస్తామనగానే తాళం తీశాడు. అందుకైన ఖర్చు మా ఆలయంలో ఒక పూట అన్నదానానికయ్యే దానికన్నా తక్కువ. నాలుగవ దుప్పటి ఈ పని చేయగలిగేదా?

కనుక విస్తరి ముందు కూర్చున్నవారిని అడగవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. అమ్మా, మీదే ఊరు? మీ వాళ్ళెవరు? వారి దగ్గరికి వెళ్ళాలని మీకుందా? ఈ మూడవ ప్రశ్నను మరువకండి. దెబ్బలు తాళలేక ఇల్లు విడిచినవారిని బస్సెక్కించి తిరిగి అక్కడికే పంపడం పుణ్యం కాదు, పాపం. కొడుకు ఊళ్ళో లేడని చెప్పే తల్లి ఒక్కోసారి కొడుకు పరువు కాపాడుతూ ఉంటుంది. తొందరపడి అతనికి ఫోన్ చేసి మందలించవద్దు. ఫొటో తీసి పదిమందికీ పంపవద్దు. ఆ అలవాటు నాకు బొత్తిగా నచ్చదు.

తల్లిదండ్రులను విడిచిపెట్టినవారికి మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చని 2007 నాటి చట్టం చెబుతోంది. దండన భయంతో తెరుచుకున్న తలుపు ఎంతకాలం తెరిచి ఉంటుందో నాకు అనుమానమే. అయితే అదే చట్టంలో పోషణ ఖర్చు ఇప్పించే ట్రిబ్యునల్ ఉంది, ఇరువురినీ కూర్చోబెట్టి రాజీ కుదిర్చే ఏర్పాటూ ఉంది. ముందు ఆ ద్వారాన్ని తట్టడం మేలు.

మనసు చెదిరి వీధిన పడినవారి విషయం మరింత సున్నితమైనది. ముంబయిలో మానసిక వైద్యులైన భరత్ వాట్వానీ దంపతులు ఒకనాడు కొబ్బరిచిప్పతో మురుగునీరు తాగుతున్న యువకుణ్ణి చూశారు. వైద్యం చేయించగా అతడు మన ఆంధ్రప్రదేశ్‌కు చెందిన పట్టభద్రుడని తేలింది! ఇంటివారికి కబురు చేరింది. 1988లో వారు ఆరంభించిన శ్రద్ధా సంస్థ అలాంటి వేలమందిని స్వస్థపరచి స్వగృహాలకు చేర్చింది. ఆయనకు 2018లో మెగసెసే పురస్కారం లభించింది. తిరిగి వెళ్ళేందుకు ఇల్లే లేనివారి సంగతేమిటంటే, చెన్నైలో 1993లో వెలసిన ది బనియన్ సంస్థ దానికీ దారి చూపింది. ఊళ్ళలో, వీధులలో మామూలు ఇళ్ళు అద్దెకు తీసుకుని, నలుగురైదుగురు స్త్రీలను తోడుగా ఒక సహాయకురాలితో అక్కడ కాపురం పెట్టించింది. వారు వండుకుంటారు, సంతకు వెళ్తారు, పండుగనాడు ముగ్గు వేస్తారు. ఇరుగుపొరుగు పేరు పెట్టి పిలుస్తారు.

ఆలయ అన్నదాన నిధిని వేరే పనికి మళ్ళించే వీలుండదు, మళ్ళించమని నేను అననూ అనను. పిల్లల పుట్టినరోజుకు, పెద్దల తిథికి అన్నదానం రాయించే కుటుంబాలు పది కలిసి వేరుగా చిన్న నిధి పెట్టుకోవచ్చు. బస్సు చార్జీకి, ఒక నెల అద్దెకు, ఊరికి ఫోన్ చేసి కనుక్కోవడానికి అది చాలు. అన్నదాన సత్రం గోడ మీద వృద్ధుల సహాయానికి 14567, మానసిక వేదనలో ఉన్నవారికి 14416, పిల్లలకు 1098 అని పెద్ద అక్షరాలతో రాయించండి. విస్తళ్ళ కోసం వరుసలో నిలబడినవారికి కనిపించే ఎత్తులో రాయించండి.