పోటు వేళకు కోరంగిలో

రాయపూర్ శంకర్‌నగర్ నుండి సముద్రం చూడవచ్చిన కుటుంబం, కాకినాడ దాపున ఉన్న కోరంగి చేరగానే చేతిగడియారాన్ని మరచిపోవలసి ఉంటుంది. ఇక్కడ వేళలను నిర్ణయించేవి పోటు, పాటు.

పాటు సమయంలో మడ అడవి నడుమ చెక్కబాటపై నడక. బురదలోంచి మడచెట్ల ఊపిరివేళ్లు మేకుల వలె నిక్కి ఉంటాయి. వాటి సందుల్లో బురదచేపలు గెంతుతుంటాయి. దారి చూపే మనిషి తిల్లచెట్టును మాత్రం ముట్టనివ్వడు. దాని పాలు కంటబడితే కొంతకాలం చూపు పోవచ్చు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవిలో అందరూ అడిగేది బావురుపిల్లిని గురించే. చేపలను వేటాడే ఆ జంతువు ఎక్కువగా రాత్రివేళ తిరుగుతుంది. పగటి అతిథులకు బురదలో దాని అడుగుజాడ కనిపించినా అదృష్టమే! నీటికుక్కలు కొంత దయగలవి.

పోటు వచ్చాక పడవ కదులుతుంది. ఒకప్పుడు ఈ కోరంగిలో ఓడలు కట్టేవారు. 1839 నాటి తుఫాను ఉప్పెన ఆ రేవును ధ్వంసం చేసింది. ఉప్పెన జోరును తగ్గించే శక్తి దట్టమైన మడకు ఉన్నది. వంటచెరకు కోసం దానిని నరికినవారు ఈ సంగతి తెలియక నరకలేదు. పొయ్యి వెలగాలి గనుక నరికారు.

పాటు తీయకముందే పడవ వెనుదిరగాలి. ఆలస్యమైతే బురదలో చిక్కి, మరుపోటుకై గంటల తరబడి కూర్చోవలసిందే.