కరెంటు ప్లాంటు వదిలేసిన నీళ్ళు టూరిస్ట్ స్పాట్ ఎలా అయ్యాయి? బ్లూ లగూన్ కథ

పాలు కలిపినట్టుండే నీలం నీళ్ళు, మొహాలకి తెల్ల మట్టి పూసుకున్న జనం... ఐస్‌లాండ్ రీల్స్‌లో చూసే ఉంటారు. అదే బ్లూ లగూన్. చాలామంది అది సహజంగా పుట్టిన వేడినీటి గుండం అనుకుంటారు. కాదండీ! పక్కనున్న స్వార్ట్‌సెంగి జియోథర్మల్ ప్లాంటు వాడి వదిలేసిన నీళ్ళవి.

1976లో ప్లాంటు మొదలైంది. భూమి లోపలి వేడినీళ్ళు వాడుకుని, మిగిలినవి లావా రాళ్ళ మీదకి వదిలేవాళ్ళు. రాళ్ళ సందుల్లో ఇంకిపోతాయని లెక్క. కానీ నీళ్ళలోని సిలికా పేరుకుని సందులు మూసేసింది. దాంతో నీళ్ళు నిలిచి చెరువైపోయింది.

ఇప్పుడు అసలు ట్విస్ట్. 1981లో సోరియాసిస్ ఉన్న ఒకాయన అందులో స్నానం చేసి, చర్మానికి హాయిగా ఉందన్నాడు. ఆ మాట విని మిగతావాళ్ళూ రావడం మొదలెట్టారు. అంటే ఐడియా ఇచ్చింది కస్టమరే! 1992లో కంపెనీ పెట్టారు, 1995లో అదే సిలికాతో స్కిన్ కేర్ క్రీములు తెచ్చారు. అయితే ఇది డాక్టర్ మందులకి బదులు మాత్రం కాదు, గుర్తుంచుకోండి.

చిన్న చిన్న ఇబ్బందులు కూడా పట్టించుకున్నారు. రద్దీ పెరగకుండా టైమ్ స్లాట్ ప్రకారం టికెట్లు. తడి చేతులతో పర్సు ఎక్కడ పట్టుకుంటాం? అందుకే చేతికి బ్యాండ్ ఇస్తారు: లాకర్ తాళం అదే, డ్రింక్స్ బిల్లూ దాని మీదే. సిలికాతో జుట్టు గట్టిపడుతుంది కాబట్టి షవర్ దగ్గరే కండిషనర్ ఉంటుంది.

కానీ నమ్మకానికి అసలు పరీక్ష 2023 నవంబర్‌లో వచ్చింది. వరుస భూకంపాలు. అయినా ఎందుకు తెరిచి ఉంచారని విమర్శలొచ్చాయి. 9వ తేదీ అర్ధరాత్రి దాటాక గట్టిగా కుదిపేసరికి కొందరు గెస్టులు అప్పటికప్పుడు వెళ్ళిపోయారు. ఆ రోజే మూసేశారు. 10న పక్క ఊరు గ్రిండావిక్‌ను ఖాళీ చేయించారు. డిసెంబర్ 18న అగ్నిపర్వతం పేలింది. 2024 నవంబర్‌లో లావా వచ్చి పార్కింగ్‌ని కప్పేసింది. అప్పటినుంచి మూయడం, తెరవడం చాలాసార్లు జరిగింది.

సో ఫ్రెండ్స్, బ్యాండ్, క్రీము ఎవరైనా కాపీ కొట్టొచ్చు. "ఈరోజు రావద్దు, ప్రమాదం" అని టైమ్‌కి చెప్పడమే కష్టం. ఆరోజు ఆదాయం పోతుంది, కానీ మనిషి మిగులుతాడు. మీరు ఎక్కడ బుక్ చేసినా ఫోటోలతో పాటు సేఫ్టీ, క్యాన్సిలేషన్ రూల్స్ కూడా చదవండి. మీరైతే అక్కడికి వెళ్తారా? కామెంట్‌లో చెప్పండి. మళ్ళీ కలుద్దాం!