గుఱ్ఱముల కాలి పుండ్లు ఏల మానవు?

నేను బడిలో తెలుగు, సంస్కృతము చెప్పి విరమించినవాడను, పశువైద్యుడను గాను. అయినను నా తొందరపాటువలన ఒక గుఱ్ఱము పడిన బాధ నన్నీ ప్రసంగమునకు పురికొల్పినది.

ఇరువది యేండ్ల క్రిందట జగిత్యాల ప్రాంతమున, పెండ్లి ఊరేగింపులకు గుఱ్ఱమును నడిపి జీవించు నొక పొరుగువాడు నాయొద్దకు వచ్చెను. కంచె తీగె తగిలి గుఱ్ఱము వెనుక కాలు చీరుకొనినది. మనుమంచి భట్టు తెలుగున వ్రాసిన హయలక్షణ గ్రంథము పేరెఱిగినంత మాత్రమున నేను వైద్యుడనైతి ననుకొని, మైలతుత్తము, సున్నము కలిపి అద్దుమంటిని. మూడు నెలలైనను పుండు మానలేదు. ఎఱ్ఱని మాంసము గడ్డవలె పైకి పొంగెను. పెండ్లిండ్ల కాలమంతయు ఆ యింటికి రాబడి లేకపోయెను. తుదకు వచ్చిన పశువైద్యుడు నాకు బోధించినదియు, పిదప నేను చదివి తెలిసికొన్నదియు విన్నవింతును.

గుఱ్ఱమునకు మోకాలి దిగువ కండలు లేవు. చర్మము, నరముల వంటి గట్టి పట్టీలు, ఎముక మాత్రమే కలవు. అచ్చట చర్మము బిగువు. అడుగడుగునకు గాయపు అంచులు కదలుచుండును. కొత్త చర్మము అంచులనుండి దినమునకు మిల్లీమీటరులో సుమారు పదియవ వంతే ప్రాకును. డొక్కపై దాని వేగము ఇంచుమించు రెట్టింపు. కావున 4 సెంటీమీటర్ల వెడల్పు గాయము చర్మము ప్రాకుటచేతనే మూతపడవలెనన్న, రెండు అంచులనుండి ప్రాకినను, 200 దినములు పట్టును. ఈలోపల అడుగున పుట్టిన మాంసము అంచును మించి పెరిగినచో చర్మము దానిని దాటి ప్రాకజాలదు. దీనినే దుర్మాంసమందురు. మైలతుత్తము, సున్నము దుర్మాంసముతోపాటు లేత చర్మమును గూడ కాల్చివేయును. నా మందు చేసిన పని యిదియే.

దుర్మాంసమున రక్తనాళములు మెండు, స్పర్శ తెలియు నాడులు లేవు. కావున వైద్యుడు దానిని చర్మముతో సమముగ కోసివేయును. రక్తము కారును గాని నొప్పి యుండదు. ఈ పని మనము కత్తితో చేయరాదు.

మొదటి దినమున మనము చేయదగినవి కొన్ని కలవు. కాచి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి గాయమును ధారగా కడుగవలెను. శుభ్రమైన గుడ్డ వేసి, దూది మెత్తగా పఱచి, మరీ బిగువు గాకుండ కట్టు కట్టవలెను. గుఱ్ఱమును నడిపింపక కట్టివేయవలెను, ఈగలను దరిచేరనీయరాదు. పేడ, బూడిద, మట్టి తగులనీయకుడు. ధనుర్వాతమును కలిగించు సూక్ష్మజీవి మట్టిలోను పేడలోను ఉండును. 1889లో జపాను శాస్త్రజ్ఞుడు కిటసాటో దానిని వేఱుపఱచెను. పశువులన్నింటిలో గుఱ్ఱమునకు ఈ వ్యాధి భయము మిక్కిలి యెక్కువ. ముందుగనే టీకా వేయింపవలెను. కీలు దాపున గాయమైనను, జిగురు నీరు కారినను, కాలు మోపకున్నను గంటలు వృథాపుచ్చరాదు.

జగిత్యాల, సిరిసిల్లలందు పశువైద్యశాలలు కలవు. కోరుట్లలో పశువైద్య కళాశాలయే కలదు. ఊరివారు ముందుగా పెద్దలనే అడుగుదురు. తెలియనప్పుడు నావలె మందు చెప్పక, వైద్యుని యింటికి దారి చూపుడు. ఆ గుఱ్ఱము మరల నడచినది. కాని కాలిపై మచ్చ మిగిలినది. దానిని చూచినప్పుడెల్ల నాకు తల వంగును. సెలవు.