తీర్పు రాకముందే వేటు తగునా?

కలిగిరి, ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పల్లెల నుండి బిడ్డలు కర్మాగారాల్లో పనికి వెళ్ళిన ఇళ్ళలో పొయ్యి ఆరిపోవడానికి తొలగింపు కాగితం ఒక్కటి చాలు. కార్మిక వివాదం విచారణలో ఉండగానే ఆ కాగితం ఇవ్వవచ్చునా?

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 33వ సెక్షన్ దీనికి హద్దు గీసింది. ఆ వివాదానికి సంబంధించిన తప్పు మోపి కార్మికుణ్ణి తొలగించాలంటే, విచారిస్తున్న అధికారి లేదా ట్రిబ్యునల్ లిఖితపూర్వక అనుమతిని యజమాని ముందే పొందాలి. సంబంధం లేని తప్పయితే ఒక నెల వేతనం చెల్లించి, ఆమోదానికి దరఖాస్తు చేయాలి. ఆమోదం లేని తొలగింపు చెల్లదని 2002లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ 90వ సెక్షన్‌లోనూ ఈ రక్షణ ఉంది.

అయితే వివాదం హైకోర్టుకు చేరితే ఈ రక్షణ దానంతటదే వెంట రాదు. స్టే విడిగా కోరాలి. కనుక నోటీసులు, జీతపు చీటీలు, రసీదులు భద్రపరచుకుందాం, గడువులోగా జవాబిద్దాం.

ఇరుపక్షాల మాట వినకుండా తీర్పు చెప్పరాదని దైవప్రవక్త (స) హజ్రత్ అలీ (రజి)కి బోధించారు. మనలో యజమానులైనవారికీ ఈ బోధ వర్తిస్తుంది.