పురపాలక సంఘపు బీరువాలోని కాగితములు

దావా అనగానే సాక్షులు, వాదప్రతివాదములు, తీర్పు మన కన్నులకు కట్టును. కాని సివిలు దావాలలో పెక్కింటి జయాపజయములు సాక్షి బోనెక్కక మునుపే ఒక బీరువా దగ్గర తేలిపోవుచున్నవి. ఆ బీరువాలోని ఫైలును ఎదుటి పక్షమునకు చూపవలెనా, అక్కరలేదా అనునదే అచ్చటి తగవు.

ఆంగ్ల న్యాయశాస్త్రము దీనికి డిస్కవరీ అని పేరు పెట్టినది. 1999లో ఇంగ్లండు తన సివిలు నియమావళిని తిరగవ్రాసి డిస్‌క్లోజర్ అని మార్చినది. మనము పత్రముల వెల్లడి అందము. మన దేశమున 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడులోని 11వ ఆర్డరు దీనికి ఆధారము. తన స్వాధీనమున ఉన్న, వివాదమునకు సంబంధించిన పత్రముల పట్టికను ప్రమాణపూర్వకముగా దాఖలు చేయుమని న్యాయస్థానము ఏ పక్షమునైనను ఆజ్ఞాపింపవచ్చును. తనకు అనుకూలమైనవే కాదు, ప్రతికూలమైనవియు అందు ఉండవలెను. ఆజ్ఞను పాటింపని వాది దావా కొట్టివేయబడవచ్చును. ప్రతివాది అయినచో అతని ప్రతివాదమే తొలగింపబడవచ్చును. దావా, వకీలు, దస్తావేజు, దఫ్తరు మున్నగు మాటలు ఉర్దూ, పార్శీల నుండి వచ్చి తెలుగు కచేరీలలో స్థిరపడినవే గనుక, మన కళాశాలలో ఏ విభాగపు విద్యార్థికిని ఈ విషయము పరాయిది కాదు.

ఇద్దరు వర్తకుల నడుమ వ్యాజ్యమైనచో ఇరువురి యొద్దను చిట్టాలు ఉండును. పురపాలక సంఘముపై దావా అట్టిది కాదు. వీధిలోని గోతిలో పడి కాలు విరిగినవాని యొద్ద ఆ విరిగిన కాలు తప్ప వేరు సాక్ష్యము లేదు. ఆ వీధిని ఎవరు ఎప్పుడు తనిఖీ చేసిరి, ఎవరు ఫిర్యాదు చేసిరి, ఇంజనీరు ఏమి వ్రాసెను అనునవన్నియు సంఘపు ఫైళ్లలోనే ఉండును. వాటిని కోరినప్పుడు వచ్చు జవాబులలో మిక్కిలి బలమైనది ప్రజాహితము పేరిట వచ్చునది. బయటపడునన్న భయమున్నచో ఉద్యోగులు నిర్భయముగా వ్రాయరని ఆ వాదము సారాంశము.

ఈ వాదము తొలుత ప్రభుత్వమునకే చెల్లినది. 1939లో థెటిస్ అను జలాంతర్గామి మునిగి 99 మంది మరణించిరి. మృతుల కుటుంబములు దాని నిర్మాణ పత్రములను కోరగా, మంత్రి వలదన్న మాటయే తుదిమాట అని 1942లో హౌస్ ఆఫ్ లార్డ్స్ నిర్ణయించినది. 1968లో కాన్వే కేసులో ఆ సభయే దారి మార్చి, పత్రములను న్యాయమూర్తి తానే చదివి ఇరుపక్షముల ప్రయోజనములను తూచవచ్చునన్నది. 1977లో ఈ రక్షణ ప్రభుత్వమునకు మాత్రమే పరిమితము కాదనియు తేల్చినది. నగర సభలకు ఆ తలుపు తెరుచుకొన్నది.

ఆ తలుపు దగ్గర నిలిచిన వారిలో గాస్కిన్ అను యువకుడొకడు. 1959లో పుట్టి, తల్లిని కోల్పోయి, 1960 నుండి పదునెనిమిదేండ్లు నిండువరకు లివర్‌పూల్ నగర సభ సంరక్షణలో పెరిగినవాడు. ఆ కాలమున తనకు దుర్వ్యవహారము జరిగినదని అతని ఆరోపణ. సామాన్యముగా మన బాల్యమును తల్లిదండ్రులో, మేనత్తలో జ్ఞాపకముంచుకొని చెప్పుదురు. ఇతనికి ఆ పని చేసినది నగర సభ ఫైలు. 1979లో, దావా వేయుటకు ముందే గాయములకు సంబంధించిన పత్రములు కోరుటకు వీలిచ్చు 1970 నాటి చట్టము క్రింద అతడు ఆ ఫైలును అడిగెను. 1980లో హైకోర్టు కాదన్నది. లార్డ్ డెన్నింగ్ ఉన్న అప్పీలు న్యాయస్థానమును కాదన్నది. బాలసంరక్షణ శాఖ సక్రమముగా నడువవలెనన్న దాని కాగితములు గోప్యముగానే ఉండవలెనన్నది కారణము.

మా అభిప్రాయమున ఈ తర్కము సగమే నిజము. వైద్యుడో ఉపాధ్యాయుడో బాలుని గూర్చి నిజము వ్రాయుటకు కొంత మరుగు కావలసినదే. కాని ఏనాడో ఒక న్యాయమూర్తి చదువవచ్చునను తలంపుతో నిజాయితీపరుడు తన కలమును వంచుకొనడు. వంచుకొనువాని నివేదికను అంతగా కాపాడవలసినదియు లేదు. రెండేండ్లకే, 1982లో, టేమ్‌సైడ్ సభపై వచ్చిన కేసులో అప్పీలు న్యాయస్థానము మరియొక త్రోవ త్రొక్కినది. పదునొకండేండ్ల విద్యార్థి చేతిలో గాయపడిన ఉపాధ్యాయురాలు ఆ బాలుని గూర్చిన మానసిక నిపుణుల నివేదికలను కోరగా, గోప్యమన్న సభ వాదమును త్రోసి, ఇచ్చివేయుడన్నది. ఫైలులోనున్న బాలునికి మూసిన తలుపు, ఫైలులోని బాలుని వలన గాయపడిన ఉపాధ్యాయురాలికి తెరుచుకొన్నదన్నమాట! కోరిన పత్రములు ఎంత కొలది, ఎంత నిర్దిష్టము అనునది ఇట్టి తగవులలో ఎంతటి భేదము కలిగించునో విద్యార్థులు గమనింపవలెను. పదునేడేండ్ల జీవితపు ఫైలంతయు కోరుట వేరు, ఒక గాయమునకు సంబంధించిన కొన్ని నివేదికలు కోరుట వేరు.

గాస్కిన్ విడువలేదు. పిమ్మట లివర్‌పూల్ సభ, ఆ కాగితములను వ్రాసినవారు సమ్మతించినచో ఇచ్చెదమన్నది. ఫైలులో సుమారు 352 పత్రములు. వ్రాసినవారు 46 మంది. 1986లో 19 మంది వ్రాసిన 65 పత్రములు మాత్రమే అతని వకీళ్లకు చేరినవి. జవాబే ఇయ్యని వాని కాగితము సంగతి ఏమి? ఈ ప్రశ్నపైననే స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానము 1989 జూలై 7న తీర్పు చెప్పినది. సమ్మతి అడుగు పద్ధతి దానంతట అది తప్పు కాదు. కాని వ్రాసినవాడు పలుకనప్పుడు గాని, అకారణముగా నిరాకరించినప్పుడు గాని, ఉభయ పక్షములను విని నిర్ణయించు స్వతంత్రాధికారి ఉండవలెను. అట్టివాడు లేనందున వ్యక్తిగత, కుటుంబ జీవితములకు గౌరవమిచ్చు 8వ అధికరణము భంగమైనదని 11 మంది న్యాయమూర్తులు, కాదని ఆరుగురు. పరిహారము 5,000 పౌండ్లు.

మన పౌరునికి 2005 నాటి సమాచార హక్కు చట్టము ఇట్టి అవకాశమును దావాకు ముందే కల్పించుచున్నది. పది రూపాయల దరఖాస్తుపై పురపాలక సంఘము సాధారణముగా 30 దినములలో జవాబీయవలెను. ఈయనిచో, స్ట్రాస్‌బర్గ్ కోరిన స్వతంత్రాధికారి వంటి సమాచార కమిషను వరకు అప్పీలు చేయవచ్చును. ఆ చట్టములోని 8వ సెక్షను మినహాయింపులను ముందు చదివి, ఏ వీధి, ఏ తేదీ, ఏ రిజిస్టరు అని గుర్తించి వ్రాసిన దరఖాస్తుకు "వివరములు చాలవు" అని వ్రాసి త్రిప్పిపంపుట దఫ్తరునకు కష్టమగును.